అమ్మ కోసం హోమ్ వెతుకుతున్నావు కదా, ముందు ఇది చదువు

నానా,

నీ మెసేజ్ చూశాను. వదిన నరసన్నపేటలో ఒక్కర్తీ ఉంటే బెంగుళూరులో నీకు నిద్దర పట్టట్లేదన్నావు, పట్టదు మరి. హోమ్ అనుకున్నంత మాత్రాన నువ్వేం చెడ్డ కొడుకువి అయిపోవు. కానీ నువ్వు పంపిన నాలుగు హోమ్‌లూ నాలుగు రకాలురా, అన్నీ ఒకటే అనుకుని రేట్లు చూసుకుంటున్నావు.

ఉచిత వృద్ధాశ్రమం అరవై దాటిన దిక్కులేనోళ్లకి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టంలో జిల్లాకి ఒకటైనా, 150 మంది పట్టేలా ఉండాలని రాసుంది. వదినకి పెన్షన్ వస్తోంది కదా, ఆ మంచం ఇంకొకరికి దక్కనీ. వైజాగ్ వైపు నువ్వు చూసిన సీనియర్ లివింగ్ ఫ్లాటంటే అది దాదాపు ఇల్లు కొనడం లాంటిదే, రెరా (ఇళ్ల ప్రాజెక్టులు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) నంబరుందా, డిపాజిట్ అయితే వెనక్కి ఎప్పుడిస్తారు, ఎంత కోస్తారు, ఇవి చూసుకో చాలు.

అసలు తికమకంతా మిగతా రెండింటి దగ్గరే. నెలనెలా డబ్బు కట్టి ఉండే మామూలు హోమ్‌లో గది, భోజనం, బీపీ చూసే మనిషి, అంతవరకే. స్నానం చేయించడం, డైపర్ మార్చడం, రాత్రి రెండింటికి లేచి అటుపక్కకి తిప్పి పడుకోబెట్టడం వేరే పని, దానికి నర్సింగ్ కేర్ ఉన్న హోమ్ కావాలి. కేంద్రం వాళ్లు కూడా మామూలు హోమ్‌లకి, మంచం పట్టినోళ్లని చూసే కంటిన్యూయస్ కేర్ హోమ్‌లకి గ్రాంటు వేరువేరుగానే ఇస్తారు. వదిన ఇవాళ కర్ర పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తోంది, రేపు తుంటి విరిగితే? అందుకే మేనేజర్ని మొదట ఇదే అడుగు, నడవలేని రోజు వస్తే ఉంచుతారా, తీసుకుపొమ్మంటారా అని. ‘తన పనులు తాను చేసుకున్నంత వరకే’ అన్న ముక్క అగ్రిమెంట్లో ఎక్కడో కింద ఉంటుంది, వెతుకు.

లైసెన్సు చూపించమంటే సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చి పెడతారు. అది సంఘం ఉందని చెప్పే కాగితం, లోపల ఎలా చూసుకుంటారో అది చెప్పదు. శ్రీకాకుళంలో వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసుకెళ్లి ఆ హోమ్ గురించి వాళ్లకేం తెలుసో కనుక్కో. సెలైన్లు పెట్టి వైద్యం చేస్తామన్నారంటే డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్యాధికారి దగ్గర చేయించిన రిజిస్ట్రేషన్ కూడా అడుగు.

వెళ్లేటప్పుడు చెప్పకుండా వెళ్లు, రాత్రి భోజనాల వేళకి. నేను నర్సుగా చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా, ఆఫీసు రూములో కూర్చోకు, తిన్నగా బాత్రూమ్‌లోకి పో. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, గట్టిగా లాగి చూడు ఊగుతోందేమో, గడియ బయట్నుంచి తీయొచ్చా, నేల తడిగా ఉందా. మంచం దగ్గర బెల్లు నొక్కి ఎవరైనా వస్తారేమో నిలబడి చూడు. పొద్దున్న చోడంబలి ఇస్తారా అని కూడా అడుగు, అది లేకపోతే వదినకి తెల్లారినట్టే ఉండదు.

ఇల్లు రాసిమ్మంటే మాత్రం ఒప్పుకోవద్దు, హోమ్ వాళ్లకైనా ఇంకెవరికైనా. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో రద్దు చేయించొచ్చు, కానీ ఈ వయసులో వదినని ఆఫీసుల చుట్టూ తిప్పుతామా? ఏదైనా ఇబ్బందైతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యొచ్చని వదినకి కూడా చెప్పి ఉంచు.

ముందు ఒక నెలకే కట్టు. వదినని తీసుకెళ్లి చూపించు, తను ఊఁ అన్నాకే మిగతాది. అగ్రిమెంట్ ఫొటోలు సంతకం పెట్టకముందే నాకు పంపు, అన్ని పేజీలూ.

మీ అత్త