విమానంలో టార్చిలైటు తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు. మామూలు చిన్న టార్చిలైటును చేతిసంచిలో పెట్టుకున్నా సాధారణంగా అభ్యంతరం ఉండదు. లాఠీలా పొడవుగా, బరువుగా ఉన్న లోహపు టార్చిని మాత్రం తనిఖీ సిబ్బంది ఆయుధంగా భావించి ఆపవచ్చు. బ్యాటరీలు తీసేసి దాన్ని చెక్-ఇన్ సామానులో వేయడం మేలు. విద్యుత్ షాక్ ఇచ్చే రకమైతే అసలు వెంట తీసుకెళ్లకండి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది బ్యాటరీల విషయంలో. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో ఉండకూడదు, క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. షార్ట్ అయి మంటలు రేగితే అక్కడ సిబ్బంది వెంటనే ఆర్పగలరు. ఒక్కోదానికి 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత) పరిమితి ఉంది. టార్చిలలో వాడే 18650 రకం గుండ్రటి లిథియం సెల్ శక్తి ఆ పరిమితికి చాలా తక్కువే కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు. కానీ దాన్ని తాళంచెవులతో, చిల్లరతో కలిపి జేబులో వేయకండి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టండి. శక్తిమంతమైన టార్చి సంచిలో పొరపాటున వెలిగితే బట్ట కాలేంత వేడెక్కుతుంది. అలా వెలగకుండా దాని వెనక మూతను కాస్త వదులు చేసి ఉంచండి.