మాజీ సైనికుల పింఛను ప్రశ్నలు: మెడికల్ బోర్డు కాగితంలో ఆ ఒక్క గడి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఆర్టిలరీలో 22 ఏళ్లు పనిచేసి 2017లో హవల్దారుగా రిటైరయ్యాను. రిటైరయ్యేటప్పుడు పరీక్షించే సైనిక వైద్యుల బృందం, అంటే రిలీజ్ మెడికల్ బోర్డు, నా బీపీకి 30 శాతం వైకల్యం రాసింది. అయినా వైకల్య పింఛను ఇవ్వలేమని 2018లో రికార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కశ్మీరు సరిహద్దులోని కుప్వారాలో ఉండగానే తల తిరగడం మొదలైంది. పూణేకు బదిలీ అయిన రెండు నెలలకు ఆసుపత్రిలో చేరాను. ఇప్పుడు అడిగితే ఫలితం ఉంటుందా? వచ్చే బకాయిలో మూడో వంతు ఇస్తే అంతా తానే చూసుకుంటానని తిరుపతిలో ఒకాయన అంటున్నాడు.

జవాబు: అడగవచ్చు, అడగాలి కూడా. అయితే మీ పింఛను ఆగింది శాతం తక్కువై కాదు. కనీసం 20 శాతం ఉండాలన్న షరతును మీరు దాటారు. ఆగింది, ఆ జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని బోర్డు రాసిన ఒక్క మాట దగ్గర. మన మాజీ సైనికులు చాలామంది శాతం ఉన్న గడి చూసుకొని, దాని పక్కనే ఉన్న ఈ గడిని చదవకుండా కాగితాన్ని ట్రంకుపెట్టెలో పెట్టేస్తారు. కేసు గెలిచినా ఓడినా ఆ గడి దగ్గరే.

కాబట్టి మొదట మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ నకలు పూర్తిగా తెప్పించుకోండి. మీ దగ్గర లేకపోతే నాసిక్‌లోని ఆర్టిలరీ రికార్డు ఆఫీసుకు మీ ఆర్మీ నంబరు, డిశ్చార్జి బుక్కు నకలు జతచేసి రాయండి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. ఆ కాగితంలో మీరు ఏ ఏ చోట్ల, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో, అది పీస్ ఏరియానో (మామూలు ప్రాంతం) ఫీల్డ్ ఏరియానో (సరిహద్దు వంటి కఠిన ప్రాంతం) చూపే పట్టిక ఉంటుంది. మరో చోట జబ్బు మొదలైన తేదీ, అప్పుడు మీరున్న ఊరు, యూనిట్ రాసి ఉంటాయి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆసుపత్రిలో చేరిన రోజునే జబ్బు పుట్టినరోజుగా లెక్కగట్టి, ఊరు పూణే అని, అంటే పీస్ ఏరియా అని, రాసి ఉంటారని నా అనుమానం. బీపీ ఫీల్డ్‌లో గానీ, ఎత్తైన కొండ ప్రాంతాల్లో గానీ మొదలైతే సర్వీసు వల్ల ముదిరిందని అంగీకరించవచ్చని, మీరు రిటైరైన నాటి వైద్యాధికారుల మార్గదర్శకాల్లోనే ఉంది. కుప్వారాలో ఎంఐ రూముకు, అంటే యూనిట్ వైద్యశాలకు, వెళ్లి బీపీ చూపించుకున్న నమోదు, అప్పటి వార్షిక వైద్య పరీక్ష కాగితం, ఏ ఒక్కటి దొరికినా మీ వాదనకు అదే ప్రాణం.

న్యాయస్థానాల తీర్పులు కూడా మీవైపు కొంత మొగ్గుతున్నాయి. సైన్యంలో చేరేటప్పుడు వైద్య పరీక్షలో ఆ జబ్బు నమోదు కాకపోతే అది సర్వీసులోనే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదేనని, బోర్డు కారణాలు రాయకుండా తేల్చేయకూడదని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈ సూత్రాన్ని ప్రతి జబ్బుకూ యాంత్రికంగా అంటగట్టలేమని ఒక మానసిక వ్యాధి కేసులో 2019లో అదే కోర్టు అన్నది కనుక, తీర్పు ఒక్కటే పట్టుకొని వెళ్లకుండా కుప్వారా కాగితం కూడా పట్టుకొని వెళ్లండి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నియమాలు వచ్చాయి, కానీ మీరు 2017లోనే బయటికి వచ్చారు గనుక మీకు పాత నియమాలే వర్తిస్తాయి.

తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు చేయవలసింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో రాసి రికార్డు ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి, రశీదు దాచుకోండి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, దాని తరువాత సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ వారికి చెన్నై బెంచి ఉంది, పలమనేరు నుంచి అదేమీ దూరాభారం కాదు. పింఛను నెలనెలా రావలసింది కాబట్టి ఆలస్యమైనంత మాత్రాన హక్కు చచ్చిపోదు. కాకపోతే బకాయిని సాధారణంగా దరఖాస్తుకు ముందటి మూడేళ్లకే పరిమితం చేస్తారని 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు చెబుతోంది. అంటే ఇక మీరు ఊరుకున్న ప్రతి నెలా ఒక నెల బకాయి వదులుకున్నట్టే.

ఎంత వస్తుందో కూడా తెలుసుకోండి. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం లెక్క. లెక్క సులువు కోసం ఆ జీతం 40,000 అనుకుంటే నూరు శాతానికి 12,000, మీ 30 శాతానికి 3,600 అవుతుంది. 50 కన్నా తక్కువ ఉన్న శాతాన్ని 50గా లెక్కించే నియమం వర్తిస్తే అదే 6,000. ఇది మీ సర్వీసు పింఛనుకు అదనం, పైన కరువు భత్యం. ఇందులో మూడో వంతు ఎందుకు ఇవ్వాలి? అర్జీ రాయించి రికార్డు ఆఫీసుకు పంపించడంలో సాయం చేయడం చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పనుల్లో ఒకటి. ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే న్యాయవాది ఫీజు ముందే కాగితం మీద రాయించుకోండి. మీ స్పర్శ్ (పింఛను వెబ్‌సైటు) పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు.

ప్రశ్న: యూనిట్ వాలీబాల్ పోటీలో మోకాలు దెబ్బతిని, 40 శాతం వైకల్య పింఛనుతో 2012లో నాయక్‌గా సర్వీసు ముగించాను. మాది శ్రీకాళహస్తి. ఇప్పుడు సదరం సర్టిఫికెట్‌లో 55 శాతం వచ్చింది. పింఛను పెరుగుతుందా?

జవాబు: సదరం సర్టిఫికెట్ రాష్ట్ర ప్రభుత్వ పథకాలకు పనికివస్తుంది గానీ, సైనిక పింఛను శాతాన్ని అది మార్చదు. దానికి సైనిక మెడికల్ బోర్డే చెప్పాలి. మోకాలు నిజంగా ముదిరిందంటే ఆర్థోపెడిక్ రిపోర్టులు, ఎక్స్‌రేలు జతచేసి, మళ్లీ అంచనా బోర్డు పెట్టమని మీ రికార్డు ఆఫీసును కోరండి. కానీ తొందరపడకండి, ముందు మీ పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) తీసి చూడండి. 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు 75గా, ఆపై 100గా లెక్కించే పద్ధతి 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తరంతో వచ్చింది. మొదట్లో అది వైకల్యం వల్ల బయటికి పంపిన వారికే అన్నారు. గడువు పూర్తిచేసి వచ్చినవారికీ వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీ పీపీఓలో ఇంకా 40 అనే ఉంటే, కొత్త బోర్డు కన్నా ముందు అడగవలసింది ఆ 40ని 50 చేయమని.