బెల్టు పెట్టుకున్నా పాత పికప్‌లో బజర్ ఎందుకు మోగుతుంది?

పర్లాకిమిడి–రాయగడ మధ్య సరుకు తోలే పాత పికప్‌లో, బెల్టు పెట్టుకున్నా గతుకు వచ్చినప్పుడల్లా బజర్ మోగుతోందని అడిగారు. గతుకుల్లోనే మోగుతోందంటే చాలావరకు ఏదో కనెక్షన్ వదులైనట్టే.

బెల్టు దిగే బకిల్ లోపల చిన్న స్విచ్ ఉంటుంది. బండి ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, బెల్టు పెట్టి, బకిల్‌ని అటూ ఇటూ కదపండి. మోత వచ్చి ఆగుతుంటే లోపం బకిల్‌లోనో దాని వైర్లలోనో ఉంది. ఎర్రమట్టి దుమ్ము చేరి ఉంటుంది. గాలి కొట్టించి, కాంటాక్ట్ క్లీనర్ (స్విచ్‌లు, కనెక్షన్లు శుభ్రం చేసే స్ప్రే) కొట్టండి. ఆయిల్ వద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. సీటు కింద జాకీ పెడితే వైర్లు లాగేస్తుంది, అదీ చూడండి. పసుపు ప్లగ్ ఉంటే ఎయిర్‌బ్యాగ్‌ది కావచ్చు, ముట్టుకోకండి.

బజర్ నోరు మూయించడానికి బెల్టు బదులు బకిల్‌లో దూర్చే డమ్మీ క్లిప్పు మాత్రం పెట్టొద్దండీ, ఘాట్ రోడ్డులో ప్రాణాలతో పని. బెల్టు లాగితే ఊడి వస్తుంటే బకిల్ కొత్తదే వేయించండి.