బోర్డు కదలకపోయినా సెన్సర్ 1జీ ఎందుకు చూపిస్తోంది? జైరో కోణం ఎందుకు జరిగిపోతోంది?

శ్రీకాకుళం నుంచి రెండు చక్రాల రోబో చేస్తున్నానన్నారు. టేబుల్ మీద కదలకుండా ఉన్న ఎంపీయూ-6050 (యాక్సెలరోమీటర్, జైరో రెండూ ఉన్న సెన్సర్ చిప్) జడ్ అక్షంలో, అంటే నిలువు దిశలో, 1జీ (భూమి గురుత్వాకర్షణ అంత) చూపిస్తోందని, జైరోతో (తిరిగే వేగాన్ని కొలిచే భాగంతో) లెక్కగట్టిన కోణం దానంతటదే పెరుగుతోందని అడిగారు. మీ బోర్డు పాడవలేదు.

1జీ చూపించే భాగం యాక్సెలరోమీటర్. అది వేగాన్ని కొలవదు. చిప్ లోపల సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద ఒక బుల్లి బరువు ఉంటుంది. దానికి దువ్వెన పళ్లలాంటి పలకలు. బరువు జరిగితే పలకల మధ్య ఎడం మారి కెపాసిటెన్స్ (పలకలు విద్యుత్ ఆవేశాన్ని పట్టుకునే సామర్థ్యం) మారుతుంది. టేబుల్ బోర్డును పైకి ఆపుతుంటే లోపలి బరువు స్ప్రింగులను కిందికి లాగుతుంది. మీకు కనిపించే 1జీ అదే. బోర్డును పైనుంచి వదిలేస్తే, నేలను తాకేదాకా సున్నా దగ్గర చూపిస్తుంది.

నాకిది నిజంగా బోధపడింది విజయనగరం నుంచి ఆమదాలవలస వెళ్లే పాసింజర్ రైల్లో. బోర్డును ల్యాప్‌టాప్‌కి తగిలించి సీటు మీద పెట్టుకునేవాణ్ణి. చీపురుపల్లి దాటి బండి ఒకే వేగంతో పోతుంటే, కుదుపులు తీసేసి చూస్తే అంకెలు స్టేషన్లో ఆగి ఉన్నప్పటివే! పొందూరులో బ్రేకు వేస్తే మాత్రం బోర్డు వంగినట్టు చూపించేది. వేగం ప్రతి సెకనుకూ సెకనుకు అర మీటరు చొప్పున తగ్గితే చాలు, లెక్కలో దాదాపు 3 డిగ్రీల వంపు వస్తుంది. బోర్డు వంగిందో, బండి ఆగుతోందో యాక్సెలరోమీటర్‌కి తెలిసే దారి లేదు.

ఆ తేడా జైరో చెబుతుంది. దాంట్లో బరువు ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. చిప్ తిరిగితే కొరియోలిస్ ప్రభావంతో (తిరిగే దాంట్లో కదిలే వస్తువు పక్కకు జరగడం) ఆ కంపనం పక్కకు మళ్లుతుంది. అందులోంచి సెకనుకు ఎన్ని డిగ్రీలో తెలుస్తుంది (±250 రేంజిలో, అంటే సెకనుకు 250 డిగ్రీల దాకా కొలిచే సెట్టింగులో, రీడింగును 131తో భాగించండి). కోణం కావాలంటే వాటిని కూడుతూ పోవాలి, తప్పు కూడా అలాగే పోగవుతుంది. సెకనుకు 0.05 డిగ్రీల తప్పున్నా నిమిషానికి 3 డిగ్రీలు. మొదట్లో బోర్డును కదపకుండా ఉంచి కొన్ని వందల రీడింగుల సగటు తీసి, దాన్ని ప్రతి రీడింగులోంచీ తీసెయ్యండి. చిప్ వేడెక్కితే ఆ తప్పు కొంత మళ్లీ వస్తుంది.

గురుత్వాకర్షణ దిశను బట్టి యాక్సెలరోమీటర్ చెప్పే కోణం కుదుపులకు తప్పుతుంది, జైరో కోణం మెల్లగా జరిగిపోతుంది. అందుకే రెండూ కలపాలి. కల్మన్ ఫిల్టర్ (రీడింగులను కలిపే క్లిష్టమైన లెక్క) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, రెండింటినీ తలా ఇంత పాలు కలిపే కాంప్లిమెంటరీ ఫిల్టర్ చాలు:

కొత్త కోణం = 0.98 × (పాత కోణం + జైరో × రెండు రీడింగుల మధ్య కాలం) + 0.02 × యాక్సెలరోమీటర్ కోణం

కుడి ఎడమలకు తిరిగే కోణాన్ని మాత్రం ఇది సరిచేయలేదు, ఎందుకంటే ఆ తిరుగుడులో గురుత్వాకర్షణ దిశ మారదు. దానికి మాగ్నెటోమీటర్ (దిక్సూచిలాంటి సెన్సర్) కావాలి, ఎంపీయూ-6050లో అది లేదు. రోబో పడిపోకుండా నిలబడటానికైతే ఆ కోణంతో పనిలేదు.