గాలి కొట్టుకోవడం మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా పాప తిరుపతిలో బీటెక్ మెకానికల్ మూడో ఏడు చదువుతోంది. గ్యాస్ టర్బైన్ లోపలి సందుల్లో ప్రెషర్ కొట్టుకోవడం మీద ప్రాజెక్టు చేస్తానని, ఎంటెక్‌లోనూ అదే చదువుతానని పట్టుబడుతోంది. వాళ్ల నాన్న సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఇంత చిన్న విషయం చదివితే ఉద్యోగం దొరుకుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, పాప దేని గురించి చెబుతోందో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. ఈసారి తిరుపతికి కారులో వచ్చేటప్పుడు, హైవే మీద వేగం అందుకున్నాక వెనక అద్దం ఒక్కటే కిందికి దించి చూడండి. దబ్ దబ్ దబ్ అని చెవుల్లో గుద్దినట్టు ఉంటుంది. ముందు అద్దం రెండు వేళ్ల మందం దించగానే ఆగిపోతుంది. కిటికీ అంచు దగ్గర గాలి సుళ్లు తిరుగుతూ, కారు లోపలి గాలిని ఒక లయలో నొక్కి వదులుతుంటుంది. అందుకే ఆ మోత.

విమానం ఇంజిన్లలో, కరెంటు తీసే గ్యాస్ టర్బైన్లలో ఇలాంటి సందులు చాలా ఉంటాయి. బ్లేడ్లు (రెక్కలు) బిగించిన తిరిగే డిస్కుకీ, దాని పక్కన కదలకుండా ఉండే భాగానికీ మధ్య ఉన్న సందు వాటిలో ముఖ్యమైనది. దాని అంచును రాసుకుంటూ మండిన వాయువు పోతుంది. నేటి పెద్ద ఇంజిన్లలో ఆ వేడి 1500 డిగ్రీల సెల్సియస్ పైమాటే. బ్లేడు లోహం కరిగే వేడి కంటే అది ఎక్కువ. ఆ వాయువు సందులోకి దూరకుండా కంప్రెసర్ (ఇంజిన్‌లోకి వచ్చిన గాలిని నొక్కే భాగం) నుంచి కొంత గాలి మళ్లించి లోపలి నుంచి బయటికి ఊదుతారు. ఎక్కువ ఊదితే ఇంధనం దండగ. తక్కువ ఊదితే డిస్కు వేడెక్కి దాని ఆయుష్షు తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య ఎంత ఊదాలో తేల్చడమే ఇంజనీర్ల తలనొప్పి.

ఆ అంచున సెన్సార్ పెడితే, బ్లేడ్ల సంఖ్యకూ తిరిగే వేగానికీ లెక్క కుదరని తక్కువ ఫ్రీక్వెన్సీలో (అంటే సెకనుకు తక్కువసార్లు) ప్రెషర్ కొట్టుకోవడం కనిపిస్తుంది. అక్కడ పెద్ద సుళ్లు పుట్టి, డిస్కు కంటే కాస్త నెమ్మదిగా దానితో పాటే చుట్టూ తిరుగుతుంటాయి. వేడి వాయువు లోపలికి చొరబడటంలో వాటికీ పాత్ర ఉంది. కంప్యూటర్‌లో ఆ గుండ్రటి సందులో ఒక ముక్క మాత్రమే తీసుకుని, గాలి నిలకడగా పారుతోందనుకుని లెక్క కడితే అవి కనబడనే కనబడవు. మీ పాపకు నచ్చింది చిన్న విషయం కాదమ్మా.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. నేరుగా ఈ పని ఉండే చోట్లు కొన్నే: బెంగళూరులో డీఆర్‌డీవో వారి జీటీఆర్ఈ (గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ), ఎన్ఏఎల్ (విమాన పరిశోధన సంస్థ), హెచ్ఏఎల్ (విమానాల తయారీ సంస్థ), విదేశీ ఇంజిన్ కంపెనీల డిజైన్ కేంద్రాలు, హైదరాబాద్‌లో బీహెచ్ఈఎల్. అక్కడ పోటీ గట్టిగా ఉంటుంది. ఉత్త బీటెక్‌తో డిజైన్ విభాగంలోకి వెళ్లడం కష్టం. అయినా పాపను ఆపకండి అనే అంటాను. కొట్టుకునే ప్రెషర్‌ను సరిగ్గా కొలిచి, అది ఎక్కడి నుంచి వస్తోందో చెప్పగలిగే మనిషి టర్బైన్లకే కాదు, పంపులకూ, వాహనాలకూ, ఏసీ ఫ్యాన్లకూ, థర్మల్ ప్లాంట్లకూ అవసరం.

అయితే ఒక షరతు. నా దగ్గరికి వచ్చే పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల నిండా ఎరుపు, నీలం రంగుల సిమ్యులేషన్ బొమ్మలే ఉంటాయి. "ఇక్కడ ఎరుపు ఎందుకొచ్చింది నాయనా?" అంటే తల దించుకుంటారు. పాప అలా చేయకూడదు. అడుగు పొడవు అక్రిలిక్ పెట్టె చేయించి, పైన సన్నని చీలిక పెట్టి, దాని మీదుగా బ్లోయర్‌తో గాలి పోనిచ్చి, లోపల చిన్న మైక్రోఫోన్ పెట్టమనండి. చెక్క దిమ్మలతో లోపలి ఖాళీ తగ్గిస్తే మోత సన్నబడాలి, అంటే ఫ్రీక్వెన్సీ పెరగాలి. ఎంత పెరుగుతుందో ముందే కాగితం మీద లెక్క వేసి, తర్వాత కొలవాలి. సెకనుకు 500 సార్లు కొట్టుకునేదాన్ని పట్టుకోవాలంటే సెకనుకు 1000కి మించి రీడింగులు తీయాలి. తక్కువ తీస్తే లేని ఫ్రీక్వెన్సీ ఉన్నట్టు కనబడి మోసపోతాం. ఈ తప్పు ఒకసారి తన చేత్తో చేసి, తనే దిద్దుకున్న పిల్ల ఇంటర్వ్యూలో తడబడదు. డేటాను విడదీయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఎలాగూ నేర్చుకోవాలి. వాళ్ల నాన్నగారు కోరే సాఫ్ట్‌వేర్ అలా కొంత చేతికొస్తుంది. ఆ మాట ఆయనకు చెప్పండి.

పై చదువుకు ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఐఐఎస్సీ మొదట చూడండి. రెండూ మీకు కొన్ని గంటల దూరమే. ఏర్పేడు దగ్గరి ఐఐటీ తిరుపతికి ఒకరోజు వెళ్లి, ఫ్లూయిడ్స్ ల్యాబ్ చూడటానికి అనుమతి అడగమనండి. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) ద్వారా ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కాబట్టి చదువు భారం మొత్తం మీ మీద పడదు. డీఆర్‌డీవో సైంటిస్ట్ ఉద్యోగాలకూ గేట్ స్కోరు చూసే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

గేట్ మూడో ఏడులోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు ముందే ముగుస్తాయి. ఈ ఏడే ఒకసారి రాయించండి. మార్కులు వచ్చాక మీరు ముగ్గురూ కలిసి రండి, ఆయన అనుమానాలన్నీ అప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.