టెన్నిస్ మొదలుపెడుతున్న అమ్మాయికి

హైదరాబాదు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

టెన్నిస్ నేర్చుకోవాలని ఉందని, ఇరవై ఆరేళ్లకు మొదలుపెడితే మరీ ఆలస్యమవుతుందేమోనని నీవు వ్రాసిన ఉత్తరం అందింది. పెద్ద పోటీలలో గెలవాలంటే ఆలస్యమే కాని, ఓపిక ఉన్నంతకాలం ఆడుకోవడానికి ఎంతమాత్రం కాదు. నేను రాకెట్ పట్టింది ముప్పై రెండో ఏట. అరవై ఏడేళ్లు నిండినా ఇప్పటికీ వారానికి మూడు ఉదయాలు కోర్టులోనే ఉంటాను.

ముందు రాకెట్ సంగతి. ఆ రోజుల్లో ఒక దుకాణదారుడు పెద్ద ఆటగాళ్లు వాడే రకమని చెప్పి, బాగా బరువైన రాకెట్‌కు బిగుతుగా గట్టింగ్ చేసి, అంటే తలలో తీగలు అల్లి ఇచ్చాడు. నాలుగు నెలలు తిరగకుండానే మోచేతి బయటివైపు నొప్పి మొదలై, నీళ్ల చెంబు ఎత్తడమే కష్టమయ్యేంతగా ముదిరి, ఏడాదిపాటు ఆట మానుకోవలసి వచ్చింది. నీకు అటువంటి అవస్థ రాకూడదు. 270, 285 గ్రాముల మధ్య బరువుతో, తల వైశాల్యం 100 చదరపు అంగుళాలు ఉన్నది తీసుకో; పాలియెస్టర్ కాకుండా మెత్తని నైలాన్ గట్‌తో 50 పౌండ్ల బిగువు దగ్గర గట్టింగ్ చేయించు. పిడి పట్టుకున్నప్పుడు నీ వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడువేలు ఇమిడితే ఆ లావు నీకు సరిపోయినట్లే. రన్నింగ్ షూస్ మాత్రం వద్దు. అవి తిన్నగా పరుగెత్తడానికి చేసినవి కనుక పక్కకు కదిలేటప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఉంది.

ఇక అసలు విషయం. కోర్టు పొడవు 78 అడుగులు. చాలామంది మొదటిరోజే ఆ చివరన, బేస్‌లైన్ దగ్గర నిలబడి, బలమంతా పెట్టి బాదుతారు. బంతి కంచె దాటుతుంది, వారం తిరిగేసరికి ఉత్సాహం చల్లారుతుంది. నీవు మొదటి మూడు వారాలు నెట్‌కు 21 అడుగుల దూరంలో ఉండే సర్వీస్ లైన్ దగ్గరే నిలబడి, ఆకుపచ్చ చుక్క ఉన్న నెమ్మది బంతులతో, ఎదుటివారికి మెల్లగా అందించడమే పనిగా పెట్టుకో. బంతి నేలను తాకినప్పుడు "పడింది" అని, రాకెట్‌కు తగిలినప్పుడు "తగిలింది" అని పైకి అను. వినేవారికి పిల్లల ఆటలా ఉంటుంది కాని, ఆ రెండు మాటలూ సరిగ్గా సమయానికి నోట రావాలంటే కన్ను బంతిని విడువకూడదు. కన్ను విడువకపోతే కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి. "తగిలింది" అన్నప్పుడు బంతి నీ తుంటికి పక్కన కాక, ఒక జానెడు ముందు ఉండాలి. నాకు ఈ జానెడు దూరం పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది, ఎందుకంటే దాని గురించి ఎవరూ చెప్పలేదు.

సర్వ్‌ను వాయిదా వేయకు. ఆటలో నీ చేతిలోంచి మొదలయ్యే దెబ్బ అదొక్కటే. సుత్తి పట్టినట్లు పిడి పట్టుకుని, మొదటి వారం నుండే రోజూ ముప్పై బంతులు వేయి. ర్యాలీలో, అంటే ఇద్దరూ బంతిని అటూ ఇటూ కొట్టుకునేటప్పుడు, దాన్ని ఐమూలగా కొట్టడం అలవాటు చేసుకో; నెట్ ఎత్తు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులుంటే మధ్యలో మూడే అడుగులు, పైగా ఐమూలగా కోర్టు నాలుగున్నర అడుగులు ఎక్కువ పొడవు, కనుక తప్పుకు చోటు ఎక్కువ.

2005లో సానియా మీర్జా ఈ నగరంలోనే సింగిల్స్ టైటిల్ గెలిచి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయ మహిళ అయినప్పుడు మా కోర్టుల దగ్గర ఎంత సంబరపడ్డామో ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంటుంది. నీ పక్క కోర్టులో ఎనిమిదేళ్ల పిల్లలు నీకంటే చక్కగా ఆడుతూ ఉంటారు. వారిని చూసి చిన్నబుచ్చుకోకు, వారి కాళ్లు ఎలా కదులుతున్నాయో గమనించు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడున్నరకల్లా ముగించు. వాన వెలిసిన వెంటనే సిమెంటు కోర్టులో దిగవద్దు, తెల్ల గీతల మీద కాలు జారుతుంది.

వచ్చే ఆదివారం ఆరింటికి ఎల్బీ స్టేడియం గేటు దగ్గర ఉంటాను. రాకెట్ అప్పుడే కొనకు. నా దగ్గర ఉన్న తేలికైన దానితో నాలుగు రోజులు ఆడి చూద్దువుగాని.

నీ పెదనాన్న