ఖాళీ ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: ప్రపంచ జనాభా 800 కోట్లు దాటిందంటున్నారు. పటం చూస్తే మాత్రం బోలెడంత ఖాళీ. జనమంతా కొన్నిచోట్లే ఎందుకు కిక్కిరిసి ఉంటారు? కొందరిని ఖాళీ చోట్లకు పంపిస్తే ఇరుకు తగ్గదా? (ఓ పాఠకురాలు)

జవాబు: నేను బడిలో భూగోళం చెప్పే రోజుల్లో పిల్లలకు ఖాళీ పటాలిచ్చి, పది లక్షల మందికో చుక్క చొప్పున సిరాతో పెట్టమనేవాణ్ణి. మంగోలియాకు రెండు చుక్కలు పెట్టి చేతులు దులిపేసుకునేవారు. ఈజిప్టులో నూటికి తొంభై అయిదు మంది నైలు ఒడ్డునే ఉంటారు కాబట్టి అక్కడ చుక్కలు గీతలా వచ్చేవి. ఇండొనేసియాలోని జావా దగ్గరికొచ్చేసరికి గొడవ. ఆ బెత్తెడు దీవిలో వందకు పైగా చుక్కలు పట్టక, సిరా అలుక్కుపోయి నల్లటి మరకయ్యేది. పైనే బోర్నియో దీవి, జావాకు అయిదింతలు పెద్దది, దాదాపు తెల్లగానే మిగిలేది. "సార్, కొన్ని చుక్కలు ఇందులో పెట్టేయనా?" అన్నాడొకడు. తప్పు పెడితే మార్కులు పోతాయన్నానే గానీ వాడికి అసలు జవాబు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతాను.

వాడు అడిగిన పని నిజంగానే చేసి చూశారు. 1905లో, అప్పట్లో ఇండొనేసియాను ఏలుతున్న డచ్చివాళ్లు జావా రైతు కుటుంబాలను పక్కనున్న సుమత్రా దీవికి తరలించడం మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇండొనేసియా ప్రభుత్వాలూ దశాబ్దాల పాటు అదే చేశాయి. లక్షల మంది వెళ్లారు. జావా మాత్రం తగ్గలేదు, ఇప్పుడు అక్కడ 15 కోట్ల పైమాటే. బోర్నియో మొత్తానికీ రెండు కోట్ల చిల్లర.

తేడా అంతా మట్టిలో ఉంది. జావా వెన్నెముక పొడవునా అగ్నిపర్వతాలే. అవి కక్కిన బూడిద నేలకు ఎప్పటికప్పుడు కొత్త సత్తువనిస్తుంది. 2010లో అక్కడి మెరాపి అగ్నిపర్వతం పేలి మూడు వందల యాభై మందికి పైగా చనిపోయారు. అయినా రైతులు మళ్లీ ఆ వాలు మీదికే వెళ్లారు. బోర్నియోలో అలా బూడిద పోసే కొండలు లేవు. ఏడాది పొడవునా పడే వాన ఉన్న సారాన్నీ కడిగేస్తుంది. అంత దట్టమైన అడవి చూసి నేల బంగారమనుకుంటాం గానీ, ఆ సారం చెట్లలో ఉంది, మట్టిలో కాదు. చెట్లు కొట్టేస్తే కొద్ది పంటలకే నేల చచ్చుబడుతుంది.

ఈ సంగతి పట్టించుకోకుండా 1990ల మధ్యలో అక్కడ పది లక్షల హెక్టార్లలో వరి పండిస్తామని దిగారు. అది పీట్ నేల. కుళ్లీ కుళ్లని ఆకులూ కొమ్మలూ నీళ్లలో నాని మీటర్ల మందాన పేరుకున్న బురద. కాలువలు తవ్వి నీరు తీసేశారు. ఎండిన పీట్ వరికి పనికిరాలేదు సరికదా, 1997 కరువులో నిప్పంటుకుని నెలల తరబడి పొగలు కక్కింది. తెచ్చి దించిన రైతుల్లో చాలామంది వెళ్లిపోయారు.

వరి సంగతి ఇంకొకటుంది. మడి చెక్క చిన్నదైనా ఎక్కువ కడుపులు నింపుతుంది, నాటుకూ కోతకూ ఎక్కువ చేతులు అడుగుతుంది. అలా జనం పెరిగినచోటే రేవులూ రైళ్లూ కొలువులూ వస్తాయి. ఇక పొలంతో పని లేనివాడూ అక్కడికే చేరతాడు. 1935లో హు హువాన్‌యోంగ్ అనే చైనా భూగోళవేత్త దేశపటం మీద ఈశాన్యం నుంచి నైరుతికి ఓ గీత గీశాడు. నూటికి 96 మంది దానికి తూర్పునే ఉన్నారని లెక్క తేల్చాడు. పశ్చిమాన ఎన్ని రైలుమార్గాలు వేసినా, ఈనాటికీ నూటికి తొంభైమందికి పైగా ఆ గీతకు తూర్పునే.

ప్రశ్న: పంటే పండనిచోట ఊళ్లు లేవా? (మరో పాఠకుడు)

జవాబు: ఎందుకు లేవు! పెరూలో లా రింకొనాడా సుమారు 5,100 మీటర్ల ఎత్తున ఉంది. గాలే సరిగా ఆడదు, పంట మాట దేవుడెరుగు. బంగారు గని కోసం వేలమంది ఉంటున్నారు. కాకపోతే గనిని నమ్ముకున్న ఊరికి గనితోనే ఆయుష్షు. నమీబియా ఎడారిలో 1908లో వజ్రాలు దొరికితే కోల్‌మన్‌స్కోప్ వెలిసింది. ఆసుపత్రి, నాట్యశాల, మంచు తయారుచేసే కర్మాగారం కూడా ఉండేవి. వజ్రాలు వేరేచోట ఎక్కువ దొరకడంతో 1956కల్లా అందరూ వెళ్లిపోయారు. గోడల రంగులు ఇంకా ఉన్నాయి, గదుల్లో మాత్రం మోకాటి లోతు ఇసుక.